జిమ్నీకి కొత్త రిమ్ములు: కొండదారికి బ్యాక్‌స్పేసింగ్ ఎంత ఉండాలి?

గుమ్మదారి, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. ఒడిశాలో గుమ్మ, సెరంగో, నువాగడ వైపు కొండ గ్రామాలలో సోలార్ పంపులు బిగించడం, పాడైనవాటిని బాగుచేయడం నా వృత్తి. రెండేళ్లుగా ఐదు తలుపుల మారుతి జిమ్నీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి వాడుతున్నాను. వెనుక సీటు మడిచి పైపులు, మోటారు, పనిముట్లు సర్దుకుని, పక్కన ఒక సహాయకుడిని కూర్చోబెట్టుకుని బయలుదేరితే మనుషులతో కలిపి బండి మీద సుమారు మూడు వందల కిలోల బరువు ఉంటుంది. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఆషాఢంలో ఎర్రమట్టి నానిన తరువాత సవర గూడేలకు ఎక్కే దారులలో కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 (195 మి.మీ. వెడల్పు, అందులో 80 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము) టైర్ల గాళ్లు మట్టితో నిండిపోయి, బండి ముందుకు పోకుండా పక్కకు జారుతోంది. అందువల్ల 215/75 ఆర్15 గాని 235/75 ఆర్15 గాని మడ్ టైర్లు వేయించాలని నిశ్చయించుకున్నాను. టైర్లతోపాటు రిమ్ములు కూడా మార్చాలని అనుకుంటున్నాను, ఎందుకంటే నా రిమ్ములలో ఒకటి రాయి తగిలి ఇదివరకే పగిలింది.

నాకు మూడు రకాలు చూపించారు. మొదటిది 15 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, 3.25 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్నది. రెండవది 7 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్. మూడవది 6 అంగుళాల వెడల్పు, 3.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న ఇనుప రిమ్ము. చక్రం ఎంత బయటికి వస్తే బండి అంత నిలకడగా ఉంటుందని చెప్పి దుకాణదారు మొదటిదాన్నే తీసుకోమంటున్నారు. ఈ అంకెను ఎలా చదవాలి, నా పనికి ఏది తగినది, ఉన్న రిమ్ములకే స్పేసర్లు (రిమ్ముకూ హబ్‌కూ మధ్య పెట్టే మందపాటి బిళ్లలు) వేసుకుంటే సరిపోతుందా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

పొట్టంగి ఘాటు, జయపురం

గుమ్మదారి గారికి నమస్కారం. కొనకముందే అడిగారు, చాలా సంతోషం. రిమ్ముకు టైరు ఎక్కించిన తరువాత ఏ దుకాణమూ దాన్ని వెనక్కి తీసుకోదు.

రిమ్ములో హబ్‌కు, అంటే ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి, ఆనే చదునైన చోటు ఉంటుంది కదా, అక్కడి నుంచి చాసిస్ వైపు ఉండే లోపలి అంచు వరకు గల దూరమే బ్యాక్‌స్పేసింగ్. ఈ అంకె పెరిగితే చక్రం చాసిస్ వైపు లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది. అయితే వెడల్పు చెప్పకుండా ఈ అంకె ఒక్కటే చెబితే దానికి అర్థం లేదు. ఎనిమిది అంగుళాల రిమ్ముకు నాలుగు అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్నా, ఆరు అంగుళాల రిమ్ముకు అంతే ఉన్నా లోపలి అంచు ఒకేచోట ఉంటుంది గాని, మొదటిదాని బయటి అంచు రెండు అంగుళాలు ఎక్కువ ముందుకు వస్తుంది. అందుకే కంపెనీలు ఆఫ్‌సెట్ అనే మరొక కొలతను వాడతాయి. రిమ్ము వెడల్పుకు మధ్యగీత గీస్తే, ఆ గీతకూ హబ్ ఆనే భాగానికీ మధ్య దూరం ఆఫ్‌సెట్. ఆనే భాగం మధ్యగీతకు బయటివైపు ఉంటే ప్లస్, లోపలివైపు ఉంటే మైనస్.

ఒకదాని నుంచి ఇంకొకటి రాబట్టేటప్పుడు చాలామంది ఒకచోట పొరబడతారు. రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు అన్నప్పుడు అది టైరు అంచులు కూర్చునే రెండు చోట్ల మధ్య దూరం మాత్రమే. రెండు వైపులా లేచి ఉండే అంచులను కూడా కలిపితే మొత్తం వెడల్పు ఇంచుమించు ఒక అంగుళం పెరిగి 6.5 అవుతుంది. ఈ మొత్తం వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్‌ను కలిపితే బ్యాక్‌స్పేసింగ్ వస్తుంది. జిమ్నీ కంపెనీ రిమ్ము 5.5 వెడల్పు, ప్లస్ 5 మి.మీ. ఆఫ్‌సెట్. 6.5 అంగుళాలంటే 165 మి.మీ., అందులో సగం 82.5, దానికి 5 కలిపితే 87.5 మి.మీ. అంటే మీ బండికి పుట్టుకతో వచ్చిన బ్యాక్‌స్పేసింగ్ 3.45 అంగుళాలు.

ఇప్పుడు మీకు చూపించిన మూడింటినీ దీని పక్కన పెట్టి చూడండి. ఎనిమిది అంగుళాల రిమ్ము మొత్తం వెడల్పు 9 అంగుళాలు, సగం 4.5. బ్యాక్‌స్పేసింగ్ 3.25 కాబట్టి ఆఫ్‌సెట్ మైనస్ 32 మి.మీ. చక్రం మధ్యగీత ఇప్పుడున్న చోటు నుంచి ఒక్కొక్క వైపు దాదాపు 37 మి.మీ. బయటికి జరుగుతుంది. రిమ్ము బయటి అంచు ఏకంగా 68 మి.మీ., అంటే బెత్తెడంత ముందుకు వస్తుంది. ఏడు అంగుళాలది ఆఫ్‌సెట్ సున్నా. దాని అంచు బయటికి 24 మి.మీ., లోపలికి 14 మి.మీ. పెరుగుతుంది. ఆరు అంగుళాలది కూడా ఆఫ్‌సెట్ సున్నాయే గాని, బయటికి 11 మి.మీ., లోపలికి ఒక్క మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది.

నా సలహా మూడవదే. అయితే నా మాట నమ్మి కొనేయకండి. ముందుగా మీ బండి రిమ్మును మీరే కొలిచి చూడండి. చక్రం విప్పి, బయటి ముఖం నేలవైపు ఉండేలా గోనెపట్టా మీద పడుకోబెట్టి, లోపలి అంచు మీద అడ్డంగా ఒక తిన్నని ఇనుప బద్ద పెట్టి, బద్ద అడుగు నుంచి హబ్ ఆనే భాగం వరకు స్కేలు నిలువుగా దించితే కొలత వస్తుంది.

మహేంద్రగిరి నీడ, బరంపురం

పై సోదరులు లెక్కను చక్కగా వివరించారు. నేను లెక్క జోలికి పోకుండా నాకు జరిగినది చెబుతాను.

నా దగ్గర పాత జిప్సీ ఉంది. దానికీ జిమ్నీకీ ఐదు బోల్టులే, బోల్టుల వలయం 139.7 మి.మీ. ఒకటే కాబట్టి ఈ రిమ్ములు రెండింటికీ దొరుకుతాయి. కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో చూసి, లోతైన పళ్లెం మాదిరి ఉండే ఎనిమిది అంగుళాల రిమ్ములను, 3.25 బ్యాక్‌స్పేసింగ్‌తో వేయించాను. చూడటానికి బండి ఠీవిగా ఉండేది, అందులో సందేహం లేదు. మొదటి వారంలోనే తెలిసింది ఏమిటంటే, గుంతలో ముందు చక్రం పడితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు తిరిగిపోయేది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ పక్కకు తిరుగుతుందో ఆ గీత నేలను తాకే చోటుకూ, టైరు నేలను నొక్కే మధ్యభాగానికీ మధ్య దూరం పెరిగితే రాయి కొట్టే ప్రతి దెబ్బా చేతికి మరింత గట్టిగా చేరుతుంది. మోహన నుంచి కొండ దిగుతూ ఒక మలుపులో బొటనవేలు స్టీరింగ్ పుల్లకు తగిలి వారం రోజులు వాచింది. అప్పటి నుంచి రాళ్లదారిలో బొటనవేలు స్టీరింగ్ లోపల పెట్టడం మానుకున్నాను.

ఏడాది తిరగకముందే ఎడమ ముందు చక్రం దగ్గర గుర్రుమనే చప్పుడు మొదలైంది. హబ్ విప్పించి చూస్తే గ్రీజు నల్లగా, నూనెలాగా పలుచబడి ఉంది. బేరింగు రోలర్ల మీద నీలం రంగు తిరిగింది. అంత నీలం రావాలంటే ఎంత వేడెక్కి ఉండాలో ఆలోచించండి. బరువు అదే, కాని ఆ బరువు పట్టే చోటు బేరింగు నుంచి దూరంగా జరిగింది. బకెట్టును ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి మోయడానికీ ఉన్న తేడా ఇదే. ముందు చక్రం కుడికీ ఎడమకూ తిరగడానికి ఆధారంగా ఉండే కింగ్‌పిన్ బేరింగులు కూడా అదే విధంగా అరిగాయి. జిమ్నీలో కూడా ముందు రెండు చక్రాలనూ కలిపేది ఒకే గట్టి ఇరుసే, కింగ్‌పిన్ బేరింగులే. అవి కాస్త వదులైతే గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ గజగజ వణుకుతుందని జిమ్నీ వాడేవారందరికీ తెలుసు. బయటికి జరిగిన చక్రం ఆ వణుకును పెంచుతుంది తప్ప తగ్గించదు.

స్పేసర్ల గురించి కూడా అడిగారు. ముప్పై మిల్లీమీటర్ల స్పేసరు వేయడమంటే బ్యాక్‌స్పేసింగ్‌ను ముప్పై మిల్లీమీటర్లు తగ్గించడమే. పైన చెప్పిన కష్టాలన్నీ వస్తాయి, వాటితోపాటు వదులయ్యే అవకాశం ఉన్న నట్ల వరుస ఇంకొకటి చేరుతుంది. మూడు వందల కిలోలతో కొండ ఎక్కే బండికి అది వద్దు.

గుమ్మదారి, పర్లాకిమిడి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం స్టెప్నీ చక్రం దింపి, చెప్పిన ప్రకారమే నేల మీద పడుకోబెట్టి, మంచం పట్టె అడ్డంగా పెట్టి కొలిచాను. నాకు 102 మి.మీ. వచ్చింది, అంటే సరిగ్గా 4 అంగుళాలు. మూడుసార్లు కొలిచినా అంతే వచ్చింది. పొట్టంగి ఘాటు గారు చెప్పిన 3.45 అంగుళాలకూ దీనికీ పొంతన లేదు. నా కొలత నిజమైతే 4 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న ఏడు అంగుళాల రిమ్మే కంపెనీ రిమ్ముకు సమానం అవుతుంది కదా? అదే తీసుకోవచ్చా?

పొట్టంగి ఘాటు, జయపురం

కొనవద్దు, ఆగండి. మీరు టైరు ఉండగానే కొలిచినట్టున్నారు. టైరు పక్కగోడ రిమ్ము అంచు కంటే పైకి ఉబ్బి ఉంటుంది. మీ పట్టె రిమ్ము అంచు మీద కాకుండా ఆ ఉబ్బు మీద కూర్చుంది. 195 మి.మీ. టైరులో సగం 97.5, దానికి ఆఫ్‌సెట్ 5 కలిపితే 102.5. మీకు వచ్చిన అంకె ఇదే. అంటే మీరు కొలిచింది టైరు ఎంత లోపలికి ఉందన్న దూరం, రిమ్ము బ్యాక్‌స్పేసింగ్ కాదు. పట్టెను టైరు మీదే ఉంచి, దాని అడుగు నుంచి రిమ్ము అంచు వరకు ఎంత ఖాళీ ఉందో కొలిచి, 102 లోంచి తీసేయండి. సుమారు 15 మి.మీ. ఖాళీ కనిపించాలి.

ఇది తప్పు కొలత అని పారేయకండి. రాసుకోవడం అనే సమస్యకు అసలు కావలసిన అంకె ఇదే, ఎందుకంటే చాసిస్ వైపు తగిలేది రిమ్ము కాదు, టైరు. ఇప్పుడు మీ టైరు హబ్ నుంచి లోపలికి 102, బయటికి 92 మి.మీ. ఉంది. ఆరు అంగుళాల సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము మీద 215 టైరు వేస్తే రెండు వైపులా 107 చొప్పున ఉంటుంది, అంటే లోపలికి 5, బయటికి 15 పెరుగుతుంది. ఏడు అంగుళాల రిమ్ము మీద 235 వేస్తే టైరు కాస్త విచ్చుకుని రెండు వైపులా 120 వరకు వస్తుంది, లోపలికి 17, బయటికి 27 పెరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు జిమ్నీ ముందు టైరు లోపలి అంచు, ఇరుసును చాసిస్‌కు కలిపే రేడియస్ ఆర్మ్ దగ్గరికి వస్తుంది. ఆ చోట మీ బండిలో ఎంత సందు ఉందో, స్టీరింగ్‌ను కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పి, వేళ్లు పెట్టి చూడండి. ఆ సందులోంచి 5 పోతే ఫర్వాలేదా, 17 పోతే ఫర్వాలేదా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

వ్యాసం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఇప్పటి టైరు ఎత్తు 693 మి.మీ., 215/75 ఎత్తు 703, 235/75 ఎత్తు 733. నేల నుంచి ఇరుసు ఎత్తు మొదటిదానితో 5 మి.మీ., రెండవదానితో 20 మి.మీ. పెరుగుతుంది. రెండవది వేయాలంటే సస్పెన్షన్ ఎత్తు పెంచడం, బంపర్ మూలలు కోయడం తప్పకపోవచ్చు. స్పీడోమీటరు కూడా దాదాపు ఆరు శాతం తక్కువ చూపిస్తుంది. 215 కోసం సాధారణంగా అవేవీ అవసరం రావు.

నాగావళి ఒడ్డు, రాయగడ

పెద్దలు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కాశీపురం వైపు వాలు అడ్డంగా ఉండే దారులలో నేను రోజూ తిరుగుతాను. నా బండికి ఏడు అంగుళాల రిమ్ములు, 3.5 బ్యాక్‌స్పేసింగ్‌తో వేయించిన తరువాత వాలులో బండి ఒరుగుతున్నదన్న భయం తగ్గింది. బేరింగులు ఇప్పటివరకు బాగానే ఉన్నాయి. చక్రాలు ఎడంగా ఉండటం వల్ల మేలు లేదని చెప్పడం న్యాయం కాదు.

పొట్టంగి ఘాటు, జయపురం

మీ మాట నిజమే. మేలు లేదని నేను అనను. జిమ్నీ ముందు చక్రాల ఎడం 1,395 మి.మీ. మీ రిమ్ముల ఆఫ్‌సెట్ మైనస్ 13 కాబట్టి రెండు వైపులా కలిపి 36 మి.మీ. పెరిగింది, అంటే రెండున్నర శాతం. ఆ తేడా డ్రైవరుకు తెలుస్తుంది. నేను అభ్యంతరం చెప్పేది మైనస్ 32 దగ్గర. మీరు ఎంచుకున్నది మధ్యస్థం, పైగా మీ బండి మీద రోజూ మూడు వందల కిలోల బరువు ఉండదని అనుకుంటున్నాను. జిమ్నీ ఖాళీ బరువు 1,210 కిలోల వరకు, కంపెనీ అనుమతించే మొత్తం బరువు 1,545 కిలోలు. గుమ్మదారి గారు ప్రతి ప్రయాణంలోనూ ఆ హద్దు దగ్గరే నడుపుతున్నారు. అడ్డవాలు గురించి ఆయనకు భయం ఉంటే పైపులను టాపు మీద కాకుండా లోపల నేలమట్టంగా వేసుకోవడం వల్ల రిమ్ము మార్చినదానికంటే ఎక్కువ నిలకడ వస్తుంది.

ఇంకొక మాట. బురదలో వెడల్పు టైరు తేలుతుంది, సన్నని టైరు దిగుతుంది. మన ఎర్రమట్టి దారులలో జారుడు పొర కింద గట్టి నేల ఉంటుంది కాబట్టి, దిగి ఆ నేలను పట్టుకునే సన్నని టైరే ఎక్కువసార్లు గట్టెక్కిస్తుందని నా అనుభవం. ఇసుక దారి అయితే నేను వేరుగా చెప్పేవాడిని.

కొలబొద్దు, పాతపట్నం

నేను సరిహద్దుకు ఇవతల ఉంటాను గాని పని మీద తరచుగా పర్లాకిమిడి వస్తుంటాను. ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని చట్టం గురించి చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకు వచ్చిన చక్రం ఎవరి కంటికైనా ముందు అదే కనిపిస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ఆ కారణం చూపి క్లెయిమును ప్రశ్నించవచ్చు. ఒడిశా బండి ఆంధ్రలో తిరిగినా, ఆంధ్ర బండి ఒడిశాలో తిరిగినా ఈ చట్టం ఒక్కటే. చట్టం మాట అలా ఉంచినా, మడ్‌గార్డు దాటిన టైరు రాళ్లను, బురదను తలుపుల మీదికీ, ఎదురుగా వచ్చే సైకిలు మనిషి మీదికీ విసురుతుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయమని గుమ్మదారి గారిని కోరుతున్నాను. టైరు ఎక్కించని ఉత్త రిమ్మును ముందు హబ్‌కు బిగించి చేత్తో తిప్పి చూడాలి. బ్యాక్‌స్పేసింగ్ సరిపోయినంత మాత్రాన రిమ్ము లోపలి పుల్లలు, బ్రేకు డిస్కును పట్టి నొక్కే క్యాలిపర్‌కు తగలకుండా ఉంటాయని నమ్మడానికి లేదు, ఎందుకంటే ఒకే బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రెండు రిమ్ములలో పుల్లల వంపు వేరువేరుగా ఉంటుంది. క్యాలిపర్ మీద గోధుమపిండి ముద్ద అంటించి, రిమ్ము బిగించి తిప్పి, విప్పి చూస్తే ముద్ద ఎంత మందం మిగిలిందో అంతే సందు ఉన్నట్టు. మూడు మిల్లీమీటర్లకు తగ్గితే ఆ రిమ్ము వద్దు. మధ్య రంధ్రం కూడా హబ్‌కు సరిగ్గా కూర్చోవాలి, జిమ్నీకి అది 108 మి.మీ. స్టెప్నీ కోసం ఐదవ రిమ్ము, ఐదవ టైరు తప్పక తీసుకోండి. ఫోర్ వీల్ వేసినప్పుడు ఒక చక్రం వ్యాసం వేరైతే గేర్లన్నీ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

గుమ్మదారి, పర్లాకిమిడి

పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను. టైరు విప్పించి మళ్లీ కొలిస్తే కంపెనీ రిమ్ముకు 87 మి.మీ. వచ్చింది. ఆరు అంగుళాల ఇనుప రిమ్ములు ఐదు, 215/75 టైర్లు ఐదు తీసుకున్నాను. అల్లాయ్ రిమ్ము రాయికి పగిలితే గూడెంలో చేయగలిగింది ఏమీ లేదు, ఇనుప రిమ్ము అంచు వంగితే సుత్తితో సరిచేసుకుని ఇంటికి రావచ్చన్నది నేను ఇనుము ఎంచుకోవడానికి కారణం.

పిండి ముద్ద పరీక్ష చేశాను. ముందు రెండు వైపులా చిటికెనవేలి గోరు వెడల్పంత మందం మిగిలింది. తరువాత టైర్లు ఎక్కించి, సామాను మొత్తం వేసి, ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూశాను. రేడియస్ ఆర్మ్ దగ్గర వేలు దూరేంత సందు ఉంది. ఎడమ పక్క మాత్రం వెనక్కి నడుపుతూ పూర్తిగా తిప్పితే టైరు దిమ్మలు రబ్బరు మడ్‌ఫ్లాప్‌ను తాకి టపటపమన్నాయి. ఫ్లాప్ మరలు విప్పి, దాన్ని రెండు వేళ్ల మందం వెనక్కి జరిపి మళ్లీ బిగించాను, చప్పుడు ఆగిపోయింది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగిస్తే వెనుక కుడి చక్రానికి రెండు నట్లు పావు వంతు తిరిగాయి, మిగిలినవి కదలలేదు.

నిన్న వానలో సెరంగో అవతలి గూడేనికి పంపు మోటారుతో ఎక్కాను. పోయిన ఏడాది నేను బండి దింపి, మోటారును కావడి మీద మోయించిన మలుపు దగ్గర ఈసారి నాలుగు చక్రాలకూ నెమ్మదిగా ఎక్కువ బలం ఇచ్చే ‘4L’ వేసి, రెండవ గేరులో నిదానంగా ఎక్కించాను. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది.